ఏ పాటకి ఏ రేవు

థవికి మెలకువ వచ్చేసరికి గాలిలో పాట ఉంది, చాప మీద నాన్న లేడు.

ఆ రెండూ ఒకేసారి జరిగితే ఆమెకి ఇక ఊపిరాడదు. తడుముకుంటే చెప్పు ఒకటే దొరికింది. ఆ ఒక్క చెప్పుతోనే, పువ్వుల పైజమా జతలోనే వీధిలోకి పరుగెత్తింది.

తెల్లవారుతోంది. నాలుగో వరసలో పెళ్ళి. గులాబిరంగు షామియానా ముందు వెదురుబొంగు పాతి, దాని కొసన లౌడ్‌స్పీకరు కట్టారు. అది ఎర్రదిబ్బ మొత్తానికీ వినబడేలా పాడుతోంది. అరవై ఏళ్ళ కిందటి ప్రేమపాట. సగానికి తీసిన నీళ్ళ మీద పడవలో వస్తున్న అబ్బాయి ఒకడు, కిటికీ తియ్యమని ఒక అమ్మాయిని బతిమాలుతున్నాడు.

థవి షామియానా వెనక్కి వెళ్ళి, కనబడిన ప్లగ్గు పట్టుకుని పీకేసింది.

పాట సగంలో తెగింది. అల్లం వెల్లుల్లి దంచుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. స్పీకరు పెట్టెల మధ్యనుంచి ఒక యువకుడు కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"కరెంటు పోయిందా?"

"పోలేదు. నేనే పీకాను."

"ఏవండీ, పెళ్ళివాళ్ళ పాటండీ అది. ఆ ప్లగ్గు ఇలా ఇవ్వండి."

"మా నాన్న దొరికాక ఇస్తాను."

"మీ నాన్నగారిని నేనేం దాచుకోలేదే!"

"నువ్వు కాదు. నీ పాట తీసుకుపోయింది."

అతను తన యాంప్లిఫయరు వంక అనుమానంగా చూశాడు, నిజంగానే అది ఎవరినైనా తీసుకుపోయిందేమో అన్నట్టు. థవికి ఒళ్ళు మండింది. అప్పటికే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే కొట్టేదే.

ఆ నీళ్ళు చూశాక అతను ఇంకేం అడగలేదు. మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి, "ఎక్కండి. ఎటు?" అన్నాడు.

"సరస్సు వైపు."

ఊరి చివర తూము దగ్గర నాన్న ప్రొమ్ కనిపించాడు. అరవై మూడేళ్ళ మనిషి. నిరుడు వానాకాలంలో పక్షవాతం చిన్నగా తగిలి, కుడిచేతికి పట్టు పోయింది. ఆ చేతిని ఎడంచేత్తో పట్టుకుని చెప్పుల్లేకుండా నడుస్తున్నాడు.

"నాన్నా, ఎక్కడికి?"

"రేవుకి."

"మన ఊరి రేవు ఇప్పుడు లేదు కదా నాన్నా."

"తెలుసమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "పాట వచ్చింది. కాళ్ళు లేచాయి. నేనేం చెయ్యను?"

తర్వాత ఆ కుర్రవాడి వంక తిరిగి, "మైకుసెట్టు నీదేనా బాబూ? మంచి గొంతు. మధ్యలో ఆపేశావేం?" అన్నాడు.

అతను థవి వంక చూశాడు. థవి చేతిలో ప్లగ్గు ఇంకా అలాగే ఉంది. దానితోపాటే రెండు మూరల తీగ కూడా తెగి వచ్చేసింది.

*

మైకుసెట్టు అబ్బాయి పేరు వన్నక్. కంపాంగ్ స్పూ అనే మెట్టజిల్లా వైపు నుంచి ఈమధ్యే వచ్చి, మార్కెట్టు మలుపులో షాపు పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళ రోజులు మొదలయ్యాయి. నవంబరు నుంచి ఎండాకాలం వరకు ఎర్రదిబ్బ మీద ఏదో ఒక వరసలో షామియానా లేస్తూనే ఉంటుంది.

తెగిన తీగకి క్షమాపణ చెప్పడానికని మర్నాడు థవి షాపుకి వెళ్ళింది. చెప్పింది కూడా. కానీ తర్వాత నోరు ఊరుకోలేదు.

"పాత పాటలు వెయ్యకు."

"పెళ్ళిలో పెద్దవాళ్ళు అవే అడుగుతారండీ. కొత్తవి వేస్తే నా మీద చెప్పులు పడతాయి."

"పడవలున్నవి వెయ్యకు. సరస్సు ఉన్నవి, చేపలున్నవి వెయ్యకు. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళిపోయాడు నాన్న. ఏదో ఒకరోజు రోడ్డు మీద లారీ కింద పడతాడు, లేదా ఆ చేత్తో పడవెక్కి నీళ్ళలో పోతాడు. అమ్మ పోయాక నాకు ఆయన తప్ప ఎవరూ లేరు."

వన్నక్ తీగ చుట్టడం ఆపాడు.

"మీ ఊరు ఎక్కడుండేది?" అని అడిగాడు.

"ఏ నెలలో?"

"ఊరికి నెలలేంటండీ?"

"ప్రేక్ కంప్లోక్ అంటే నీళ్ళ మీది ఊరు. ఎండాకాలం నీళ్ళు తీసేస్తే సరస్సు నోటి దగ్గర ఉండేది. నీళ్ళు సగానికి వచ్చినప్పుడు వంపు దగ్గర. నిండుగా వచ్చినప్పుడు గాలికి తట్టుకోలేం కదా, నీటి అడవిలోకి. ఇళ్ళన్నీ ఒకదానికొకటి కట్టుకుని, పడవలతో లాక్కుపోయేవాళ్ళం. మా ఇంటి పక్కిల్లు ఎప్పుడూ యాన్ పెద్దమ్మదే. ఊరు ఎక్కడుంటే ఏం, పక్కిల్లు మారదు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నూట పద్దెనిమిది" అంది థవి.

మూడేళ్ళ కిందట పైనుంచి ఆర్డరు వచ్చింది, నీళ్ళ మీద ఇళ్ళు ఉండకూడదని. ఎర్రమట్టి మీద కొయ్యలు పాతి, నెంబర్లు వేసి, సరస్సుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఈ ఎర్రదిబ్బ మీద అందరినీ దించారు. యాన్ పెద్దమ్మకి నూట నలభై ఒకటి వచ్చింది.

వన్నక్ తలూపాడు. "మీ ఫోన్ నెంబరివ్వండి. పెళ్ళికి ముందురోజు లిస్టు పంపిస్తాను. వద్దన్నవి కొట్టెయ్యండి."

థవి ఇచ్చింది. నాన్న కోసమే కదా అనుకుంది.

మొదటి లిస్టు ఆ వారమే వచ్చింది.

"రెండో వరసలో పెళ్ళి. పద్నాలుగు పాటలు. మూడోదాంట్లో పడవ లేదు, చేప లేదు, చందమామ కూడా లేదు. ఉంచనా?"

"వంతెన ఉంది."

"వంతెన మీద నడుస్తారు. తడవరు."

"వంతెన కింద ఏముంటుంది?"

చాలాసేపటికి జవాబొచ్చింది. "నీళ్ళు."

"కొట్టెయ్."

"తొమ్మిదోది కొండ గురించి. కొండ మీద నీళ్ళుండవు. ఒట్టు."

"కొండ మీదనుంచి దిగి ఆ అమ్మాయి ఎక్కడికి పోతుంది?"

"ఏటికి. స్నానానికి. అయ్యో."

డిసెంబరు అయ్యేసరికి ఇద్దరి మధ్యా 'అండీ'లు పోయాయి. లిస్టులో ఆరు పాటలు మిగిలాయి. వాటినే తిప్పి తిప్పి వేస్తుంటే పెళ్ళికొడుకులు కూడా ఆవులిస్తున్నారని వన్నక్ మొత్తుకున్నాడు.

పెళ్ళి జాకెట్లు బిగిస్తూ కుట్టుమిషను ముందు కూర్చున్న థవి, ఫోను మోగితే చాలు, పాదం ఆపేసేది. వరసలన్నీ తిరిగి టిఫిను అమ్మే యాన్ పెద్దమ్మ కావడి దించి, బియ్యపు సేమ్యాల మీద చేపపులుసు పోసిస్తూ ఆ వాలకం కనిపెట్టింది.

"ఏమే, లిస్టు చూసి నవ్వుకునే పిల్లని నిన్నే చూస్తున్నాను. పాటల లిస్టా, సారె లిస్టా?"

"నాన్న కోసం పెద్దమ్మా."

"మీ నాన్న కోసం అయితే మీ నాన్న నవ్వాలి. ఆయన మొహం ఎప్పుడైనా చూశావా ఈమధ్య?"

చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది? నాన్న ఇప్పుడు ఎక్కడికీ పోవడం లేదు. తెల్లవారితే గుమ్మంలో కూర్చుని, తల ఒకవైపు వంచి, ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు ఉంటాడు. అన్నం సగం వదిలేస్తాడు. అడిగితే "ఏం లేదమ్మా" అంటాడు. చూపుడువేలితో చెవి మీద కొట్టుకుంటాడు.

థవికి భయం పోలేదు. చోటు మారిందంతే. ఇదివరకు రోడ్డు మీద ఉండేది, ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కొట్టెయ్యాలంటే ముందు పాట వినాలి కదా. వన్నక్ పంపినవన్నీ చెవుల్లో పెట్టుకుని వినేది. వింటుంటే కాళ్ళ కింద నేల కొంచెం ఊగేది. ఆ ఊపు కోసం కొట్టేసిన పాటే మళ్ళీ వినేది. నాన్నకి వద్దన్నది తను దొంగచాటుగా తింటున్నట్టు ఉండేది.

*

జనవరిలో ఒకటో వరసలో పెద్ద పెళ్ళి. జాకెట్టు చేతులు చివరి నిమిషంలో బిగుతయ్యాయంటే థవి పొద్దున్నే సూదీదారం పట్టుకుని వెళ్ళింది. వన్నక్ షామియానా వెనక నిలబడి ఉన్నాడు. కళ్ళు కలిస్తే నవ్వే మనిషి ఆరోజు తల తిప్పుకున్నాడు. పనిలో ఉన్నాడేమో అనుకుంది.

ఇంటికొచ్చేసరికి పదకొండు. గుమ్మం ఖాళీగా ఉంది.

పాట లేదే. లిస్టు తనే కొట్టేసింది కదా. పాట లేకుండా నాన్న ఎందుకు లేచాడు?

పాట విని వెళ్ళిన మనిషి పాట కోసం వెళ్ళాడు. ఏమీ వినకుండా లేచి వెళ్ళిన మనిషి దేనికోసం వెళ్ళినట్టు?

యాన్ పెద్దమ్మ కావడి పక్కన పడేసి వచ్చింది. పాత ఊరివాళ్ళు నలుగురైదుగురు కదిలారు. రేవు దగ్గర చేపలు ఎండబెట్టేవాళ్ళు చూశారట. తొమ్మిదింటప్పుడు ప్రొమ్ వచ్చి, కట్టేసి ఉన్న చిన్న తెడ్డుపడవ విప్పుకుని, ఒంటిచేత్తో తోసుకుంటూ వెళ్ళాడట. పలకరిస్తే చెయ్యి ఊపాడట.

"ఇప్పుడు జనవరి. ఊరు వంపు దగ్గరుండే రోజులు" అన్నారు పెద్దవాళ్ళు. ఇంకెవరికీ రాని ఆలోచన అది, వాళ్ళకి మాత్రం చటుక్కున వచ్చింది. రెండు ఇంజను పడవలు వంపుకి పోయాయి. ఒంటిగంటకి తిరిగొచ్చాయి. అక్కడ లేడు. సరస్సు నోటికి పోయాయి. రెండున్నరకి ఉత్తచేతులతో వచ్చాయి. అక్కడా లేడు.

నీళ్ళు తీస్తున్న రోజులు. పొద్దున ఈదగలిగిన చోటు సాయంత్రానికి బురదవుతుంది. ఒంటిచేత్తో తెడ్డు వేసే మనిషి ఆ బురదలో చిక్కుకుంటే ఎవరు చూస్తారు?

థవి రేవులో నిలబడి ఉంది. వన్నక్ ఎప్పుడు వచ్చాడో, ఆమె పక్కనే నిలబడి చెప్పుతో మట్టి గీస్తున్నాడు.

"థవీ."

"ఏం మాట్లాడకు. నాకు ఏమీ వినపడటం లేదు."

"ఇది వినాలి. పొద్దున, నువ్వు రాకముందే, ఒక పాట వేశాను."

ఆమె మెల్లగా అతని వంక తిరిగింది.

"లిస్టులో లేనిది. పెళ్ళికొడుకు నాయనమ్మకి ఎనభై ఏళ్ళు. ఆవిడా నీళ్ళ మీద మనిషేనట. నా చెయ్యి పట్టుకుని, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి అంది. స్పీకరు అటు తిప్పేశాను. వాల్యూం బాగా తగ్గించాను. మీ వరసకి వినబడదనుకున్నాను."

"ఇప్పుడా చెప్పడం? పదకొండింటినుంచి జనం వెతుకుతుంటే, ఇప్పుడా?"

"చెప్తే ఇక నా మొహం చూడవని భయపడ్డాను."

"చూడను!" అంది థవి. "ఇప్పుడూ చూడను! ఏ పాట అది?"

"పేరు ఆవిడ కూడా చెప్పలేకపోయింది. చెట్ల తలలు మునిగే రోజు వస్తానన్నావు, మునిగి మూడు రోజులైంది..."

"నా కిటికీకి నీళ్ళు తగిలాయి, నీ తెడ్డు చప్పుడు తగల్లేదు" అని మిగతాది థవి నోట్లోంచే వచ్చింది.

అంటూనే ఆగిపోయింది.

నెలని బట్టి వెతుకుతున్నారు అందరూ. నాన్న నెలని చూసి పోలేదు. పాటని బట్టి పోయాడు. మొదటిసారి ఎండాకాలం పాట వినబడితే సరస్సు నోటి దారి పట్టాడు. నవంబరులో తూము దగ్గర దొరికిన రోజు కూడా, సగంనీళ్ళ పాట విని, వంపుకి పోయే బాటే తొక్కుతున్నాడు. ఇప్పుడు వినబడింది నిండునీళ్ళ పాట.

"నీటి అడవి" అంది. "పెద్దమ్మా! నాన్న నీటి అడవికి పోయాడు!"

"జనవరిలో అక్కడికెవరు పోతారే, బురద తప్ప ఏముంటుంది?"

"అందుకే ఎవరూ వెతకలేదు."

ఇంజను పడవలు గుర్రపుడెక్కలోకి దూరవు. థవి ఒక చిన్న పడవలోకి దూకి గడ అందుకుంది. వెనకనుంచి పడవ భయంకరంగా ఊగింది. చూస్తే వన్నక్, రెండు చేతులతో రెండంచులూ పట్టుకుని, గుడ్లు తేలేసి కూర్చున్నాడు.

"నువ్వెందుకు?"

"మీ నాన్నని ఎత్తడానికి మగమనిషి ఉండాలి కదా."

"అంచు వదులు, పడవ ఒరుగుతుంది."

"వదిలితే నేను ఒరుగుతాను."

"ఈత రాదా?"

"మా ఊళ్ళో తాటిచెట్లే. చెట్టు ఎక్కడం వచ్చు."

ఇంకోరోజు అయితే నవ్వేది. ఇప్పుడు పళ్ళు బిగించి గడ వేసింది. పొద్దు అప్పటికే వాలుతోంది.

*

నీటి అడవిలో చప్పుడు లేదు. మునిగి లేచిన చెట్లు, మనిషెత్తు పైన బురద గీత వేసుకుని నిలబడి ఉన్నాయి. నిండునీళ్ళప్పుడు ఆ గీత దాకా నీళ్ళు. ఆ నీళ్ళ మీద నలభై ఇళ్ళు. ఇల్లు దాటి ఇల్లు, ఒకళ్ళింట్లో పులుసు కాగితే ఇంకొకళ్ళింట్లో ఆకలయ్యేది. థవికి దారి చేతులే చెప్పాయి. అడిగితే నోటితో చెప్పలేకపోయేది.

గుర్రపుడెక్క అడ్డం పడ్డ ప్రతిచోటా వన్నక్ రెండు చేతులతో లాగి పారేస్తున్నాడు. అంచు వదిలేశానన్న సంగతి అతనికే తెలియదు. మోచేతుల దాకా బురద.

"నాన్నా!" అని పిలిచింది థవి.

కొంగలు లేచాయి. జవాబు లేదు.

"నాన్నా!"

నీళ్ళు పలచబడుతున్నాయి. గడ దించితే మెత్తగా దిగబడుతోంది, తీస్తే కంపు కొడుతోంది. ఒక మలుపు దగ్గర ఖాళీ తెడ్డు ఒకటి తేలుతూ కనిపించింది. అంతే, థవి గడ పట్టుకునే కూలబడింది.

"తెడ్డు జారిపోయి ఉంటుంది" అన్నాడు వన్నక్. "కుడిచెయ్యి పట్టు లేదన్నావుగా. తెడ్డు జారింది, అంతే. థవీ, లే. నాకు గడ వెయ్యడం రాదు. నువ్వు లేవకపోతే మనం ఇక్కడే ఉంటాం."

అతని చేతులు మళ్ళీ రెండంచులూ పట్టుకున్నాయి. ఎందుకో ఆ పట్టే ఆమెని లేపింది.

ఇంకో పది గడలు వేశాక, నీళ్ళల్లో పెరిగే పెద్ద రియాంగ్ చెట్టు మొదట్లో, బురదకి ఆనుకుని నిలిచిపోయిన పడవలో నాన్న కూర్చుని ఉన్నాడు. తలకి గళ్ళ తువ్వాలు చుట్టుకుని, చెట్టుకి వీపు ఆన్చి. నిద్రపోతున్నాడో ఏమో కదలిక లేదు.

"నాన్నా!"

ప్రొమ్ కళ్ళు తెరిచాడు.

"వచ్చావా! ఇంత ఆలస్యమేంటే? ఆకలేస్తోంది."

థవి ఆ బురదలోనే దిగి, మోకాలి లోతులో నడిచి, వెళ్ళి నాన్న కాళ్ళు పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే తిట్టింది. చెప్పకుండా ఎందుకొచ్చావు, ఆ చేత్తో ఎందుకొచ్చావు, పోతే నేనేం కావాలి, అని. ఆయన ఎడంచేత్తో ఆమె తల నిమురుతూ అంతా విన్నాడు.

"ఊరుకో. నేను చావడానికి రాలేదమ్మా. చెవులు పరీక్ష చేసుకోవడానికొచ్చాను."

"చెవులేంటి?"

"పాటలు ఆగిపోయాయి కదా. పెళ్ళిళ్ళు అవుతున్నాయి, షామియానాలు లేస్తున్నాయి, ఒక్క పాత పాటా వినబడదు. చెయ్యి పోయినట్టే చెవులు కూడా పోతున్నాయి కాబోలు అనుకున్నాను. కొత్తవి వినబడతాయి, పాతవే వినబడవు. అదేం చెవుడో అర్థం కాలేదు. నీకు చెప్తే భయపడతావని చెప్పలేదు."

థవి ఏడుపు ఆగిపోయింది. పడవలో ఉన్న వన్నక్ వంక చూసింది. అతను తల దించుకున్నాడు.

"ఇవాళ పొద్దున మాత్రం ఎక్కడో సన్నగా వినబడింది" అన్నాడు ప్రొమ్. "నిజంగా వచ్చిందా, నా తలలో మోగిందా తెలియలేదు. ఇక్కడికొస్తే తెలుస్తుంది. నేల మీద ఆ పాట వింటే మీ అమ్మ మొహం గుర్తుకొస్తుంది, గొంతు రాదు. ఈ చెట్టు దగ్గర గొంతు కూడా వస్తుంది. ఇంటిని ఈ చెట్టుకే కట్టేవాళ్ళం కదా. పొద్దున కిటికీ తీసి యాన్‌ని పిలిచేది, నిప్పు ఉందా అని."

"వచ్చిందా నాన్నా?"

"వచ్చింది. నిప్పు ఉందా అని, అచ్చం అలాగే. అంటే చెవులు బాగానే ఉన్నాయి."

థవి బురదచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"నీ చెవులకి ఏం కాలేదు. పాటలు నేనే ఆపించాను. నువ్వు వెళ్ళిపోతున్నావని. ప్రతి పెళ్ళికీ లిస్టు తెప్పించుకుని కొట్టేశాను."

ప్రొమ్ కూతురి వంక చూశాడు. కోపం వస్తుందేమో అనుకుంది. రాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"నన్ను అడగాల్సింది. నీతో రానా, అని అడగాల్సింది. వద్దనేవాడినా?" అన్నాడు.

ఆమె మోకాలి లోతు బురదలో నిలబడి, చిన్నపిల్లలా తలూపింది. ఈసారి పాట వస్తే తనే చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఆ మాటే పైకి కూడా అంది.

"సరే. పొద్దుపోతోంది. ఆ మైకుసెట్టు అబ్బాయికి చెప్పు, నా పడవని మీ పడవకి కట్టమని."

తాడు విసిరితే వన్నక్ పట్టుకున్నాడు. వెదురుబొంగుకి స్పీకరు కట్టినట్టు ఏడెనిమిది చుట్లు చుట్టి, గట్టిగా బిగించి, గర్వంగా చెయ్యి దులుపుకున్నాడు. థవి ఎక్కి గడ వేసింది. పడవ సర్రున ముందుకు పోయింది.

ప్రొమ్ ఉన్న పడవ మాత్రం అక్కడే ఉంది. తాడు మొత్తం విడిపోయి, పాములా నీళ్ళ మీద తేలుతోంది.

ముందు ఒక దగ్గులాంటి చప్పుడు వినిపించింది. థవి కంగారుగా వెనక్కి తిరిగింది. నాన్న దగ్గడం లేదు. నవ్వుతున్నాడు. పడవ ఊగేలా, పట్టులేని చెయ్యి కూడా ఒళ్ళో ఎగిరిపడేలా నవ్వుతున్నాడు. ఎర్రదిబ్బ మీద దిగిన తర్వాత ఆ నవ్వు ఆమె వినలేదు.

"ఎవరబ్బాయివిరా నువ్వు?"

"మాది కంపాంగ్ స్పూ బాబాయ్. నాన్న తాటిబెల్లం వండుతాడు."

"ఈత వచ్చా?"

"రాదు బాబాయ్."

"ముడి రాదు, ఈత రాదు. మరి మా అమ్మాయిని ఏ మొహం పెట్టుకుని అడుగుతావు?"

వన్నక్ మొహం సాయంత్రపు ఎండకన్నా ఎర్రబడింది. "నేను... నేనింకా ఏమీ అడగలేదు బాబాయ్."

"అడగనివాడివి, ఈత రానివాడివి, ఈ నీళ్ళల్లోకి ఎందుకొచ్చావు?"

థవి గడని పట్టుకుని, గుర్రపుడెక్క పువ్వులు లెక్కపెడుతున్నట్టు నిలబడింది.

"తను వస్తోందని" అన్నాడు వన్నక్. "ఇవాళ తను నా మొహం చూడనంది. ఒకవేళ రేపటినుంచి నిజంగానే చూడకపోతే, ఇవాళంతా అయినా పక్కనే ఉందామని."

"విన్నావా అమ్మాయ్?" అన్నాడు ప్రొమ్. "నాకు స్పష్టంగా వినబడింది. నా చెవులు బాగున్నాయని ఇప్పుడు నమ్ముతావా?"

"మాట దాచాడు నాన్నా. మూడింటిదాకా నోరు విప్పలేదు."

"నువ్వు రెండు నెలలు దాచావు."

థవి వంగి, తడి తాడు పైకి లాగి, వన్నక్ చేతికి ఇచ్చింది. "ఇటు. కిందనుంచి తీసి, దాని మీదుగా వెనక్కి తిప్పు. అలా కాదు. చుట్లు ఎక్కువైతే గట్టిపడదు. నీళ్ళలో లాగే కొద్దీ బిగుసుకునే ముడి ఒకటే."

అతని వేళ్ళు తడబడ్డాయి. ఆమె వేళ్ళు వాటిని పట్టుకుని తిప్పాయి. రెండోసారి కూడా ఊడింది. మూడోసారి ఆమె చెయ్యి తీసేసి, అతన్ని ఒక్కడినే కట్టనిచ్చింది. లాగి చూసింది. నిలిచింది.

"ఇక ఊడదు" అంది.

"మా అమ్మానాన్నల్ని ఎప్పుడు పంపమంటారు బాబాయ్?" వన్నక్ గొంతు అరిగిపోయిన క్యాసెట్టులా వచ్చింది.

"నీళ్ళు పూర్తిగా తియ్యకముందే. ఊళ్ళోవాళ్ళందరినీ నేను పడవల్లో ఈ చెట్టు దగ్గరికి పిలవాలి" అన్నాడు ప్రొమ్, చెట్టుకి ఆనించిన వీపు తీసి సర్దుకుని కూర్చుంటూ.

"నన్నెవరూ అడగలేదు" అంది థవి.

వన్నక్ ఆమె వంక తిరిగాడు. అంచు పట్టుకోవడం మరిచిపోయి తిరిగాడు కాబట్టి పడవ ఒరిగింది. అతను అమాంతం నీళ్ళలో పడ్డాడు. నడుము లోతే. కానీ ఆ సంగతి అతనికి తెలియదు. చేతులు కొట్టుకుంటూ, "అడుగుతున్నా! థవీ, అడుగుతున్నా!" అని కేకలు పెట్టాడు.

"నిలబడు" అంది థవి.

అతను నిలబడ్డాడు. తల మీద గుర్రపుడెక్క ఒకటి, పువ్వుతో సహా వేలాడుతోంది.

పొద్దున్నుంచి బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలింది థవి. వదలగానే నవ్వొచ్చింది, నవ్వుతోపాటు మళ్ళీ ఏడుపూ వచ్చింది. చెయ్యి చాచి అతన్ని పైకి లాగింది.

"ముందు ఈత నేర్చుకో."

"ఎవరు నేర్పిస్తారు?"

థవి గడ నీళ్ళలోకి దించి, దారి మీదే చూపు నిలిపి, పడవని ముందుకు తోసింది. వెనక తాడు ఒకసారి బిగిసి, నాన్న పడవ కదిలింది.

"ఇంకెవరు?" అంది.